ఆ పచ్చరంగు ఎప్పటిది?

మీ ప్లాంట్ హెడ్ గదిలో గోడకు పెద్ద టీవీ బిగించి ఉంటుంది. పీహెచ్ పచ్చగా, సీవోడీ పచ్చగా, రియాక్టర్ ఉష్ణోగ్రత పచ్చగా, కోల్డ్ రూము పచ్చగా. బయటి నుంచి ఎవరైనా ఆడిట్‌కు వస్తే ముందు అక్కడికే తీసుకెళ్తారు. ఒకసారి ఆ టీవీ ముందు నిలబడి మీలో మీరే అడగండి: ఆ పచ్చరంగు ఎప్పటిది? ఈ నిమిషానిదేనా? లేక తెల్లవారుజామున మూడింటికి నెట్ పోయినప్పుడు అక్కడే ఆగిపోయిన పచ్చనా?

వెంటనే జవాబు చెప్పలేకపోతే ఈ అధ్యాయం మీకోసమే. మీరు పటాన్‌చెరులో ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజినీరు కావచ్చు. పాశమైలారంలో ఈటీపీ చూసుకునే కెమిస్ట్ కావచ్చు. "నీకు కంప్యూటర్ వచ్చు గదా" అని మొత్తం సిస్టం మీ నెత్తిన పెట్టి ఉండొచ్చు. కంది ఐఐటీలోనో రుద్రారం గీతంలోనో చదివి, మొదటి ఉద్యోగంలోనే ఫ్యాక్టరీలకు సాఫ్ట్‌వేర్ రాస్తూ ఉండొచ్చు. ఎవరికైనా చిక్కు ఒక్కటే. సెన్సార్ ఒక చోట, లాగర్ ఒక చోట, సర్వర్ ఇంకెక్కడో, చూసే మనిషి మరెక్కడో. మధ్యలో ఒక ముక్క ఆగిపోయినా మిగతావి ఏమీ జరగనట్టే నడుస్తుంటాయి. డిస్ట్రిబ్యూటెడ్ సిస్టంతో రోజూ పడే బాధ ఇదే. థియరీ కావాలంటే లావుపాటి పుస్తకాలు చాలా ఉన్నాయి, మనం పనిలోకి దిగుదాం.

మన ప్రాంతంలో ఈ పనికి ఉన్న బరువు గురించి మాత్రం రెండు ముక్కలు చెప్పాలి. పటాన్‌చెరు పక్కన పారే నక్కవాగు కాలుష్యం 1990లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1994లో పటాన్‌చెరులో ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం వచ్చింది. 2014 ఫిబ్రవరిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి, ఎక్కువ కాలుష్యం కలిగించే 17 రకాల పరిశ్రమలూ ఉమ్మడి శుద్ధి కేంద్రాలూ ఆన్‌లైన్ మానిటర్లు పెట్టి, రీడింగులు నేరుగా బోర్డు సర్వర్లకు పంపాలని ఆదేశించింది. అంటే మీ లాగర్ పంపే ప్రతి అంకె మీ కంపెనీ ఇస్తున్న వాంగ్మూలం. అమెరికాకు మందులు పంపే కంపెనీ అయితే దాని మీద అక్కడి ఎఫ్‌డీఏ కన్ను కూడా ఉంటుంది.

కాబట్టి కింది సలహాలన్నిటికీ మూలం ఒకటే అనుకోండి: సిస్టం ఆగిపోతే క్షమించొచ్చు, ఆగిపోయిన సంగతి దాచిపెడితే క్షమించకూడదు.

1. సున్నా వేరు, సమాచారం లేకపోవడం వేరు

ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్లకు ఇది ఎప్పటి నుంచో తెలుసు. ఫీల్డ్ నుంచి వచ్చే సిగ్నల్ 4-20 మిల్లీఆంప్‌లలో ఉంటుంది. 4 అంటే కొలత సున్నా, 20 అంటే పూర్తి స్కేలు. సున్నాను 0 దగ్గర పెట్టకుండా 4 దగ్గర ఎందుకు పెట్టారు? వైరు తెగితే 0 వస్తుంది కాబట్టి. కొలత సున్నా అయిందా, వైరే పోయిందా అన్నది కరెంటును చూసే చెప్పొచ్చు. జర్మనీ కేంద్రంగా పనిచేసే నామూర్ సంస్థ ఎన్‌ఈ 43 అనే సిఫార్సులో దీనికి గీతలు కూడా గీసింది. 3.6 మిల్లీఆంప్‌లు, అంతకు తక్కువ వచ్చినా, 21, అంతకు ఎక్కువ వచ్చినా అది కొలత కాదు, పరికరంలో లోపం.

ఇంత తెలివిగా పంపిన సిగ్నల్‌ను సాఫ్ట్‌వేర్ వాళ్లం ఎలా పాడుచేస్తామో చూడండి. కరెంటులోంచి 4 తీసేసి 16తో భాగిస్తే స్కేలులో ఎంత శాతమో వస్తుంది. వైరు తెగినప్పుడు లెక్క మైనస్ 25 శాతం అవుతుంది. సీవోడీ మైనస్‌లో కనిపిస్తే బాగుండదని కోడ్ రాసే కుర్రాడు ఒక లైను చేరుస్తాడు: మైనస్ వస్తే సున్నాగా చూపించు. అంతే, తెగిన వైరు కాస్తా ప్లాంట్‌లోకెల్లా శుభ్రమైన నీళ్లయి కూర్చుంటుంది. టీవీలో పచ్చరంగు. మీ కోడ్‌లో ఇలాంటి లైను ఉందేమో ఇవాళే వెతకండి. ఉంటుందనే నా అనుమానం.

చేయాల్సింది ఏమిటంటే, ప్రతి రీడింగుకూ పక్కన ఒక గుర్తు పెట్టండి. బాగుంది, లోపం, క్యాలిబ్రేషన్, మెయింటెనెన్స్. ఈ నాలుగు చాలు. క్యాలిబ్రేషన్ గుర్తును చిన్నచూపు చూడకండి. టెక్నీషియన్ పీహెచ్ ప్రోబ్‌ను 4 బఫర్‌లో ముంచుతాడు. గుర్తు లేకపోతే ఆ 4 నేరుగా బోర్డు సర్వర్‌కు వెళ్లి, ప్లాంట్ యాసిడ్ వదిలిందని చెబుతుంది. ఆ తర్వాత మీరు వివరణలు రాసుకుంటూ కూర్చోవాలి.

ఇంకో రకం మౌనం ఉంది. అది మాట్లాడుతున్నట్టే కనిపిస్తుంది.

"సార్, పీహెచ్ పొద్దటి సంది ఏడు పాయింట్ రెండు మీదనే ఉంది. జర కూడా కదుల్తలేదు."

"మంచిగనే ఉంది గదా, కదలకపోతే ఏమైతది?"

ఏమవుతుందంటే, పారే నీళ్లు ఎప్పుడూ అంత నిలకడగా ఉండవు. రెండో దశాంశంలోనైనా వణుకు ఉంటుంది. నాలుగు గంటలు అంకె కదలలేదంటే ప్రోబ్‌కు పాకుడు పట్టి ఉండాలి, లాగర్ పాత విలువనే పదేపదే పంపుతుండాలి, లేదంటే ప్రోబ్ ఉండాల్సిన చోట లేదు. ఆ మూడోది ఎలా జరుగుతుందో మన బెల్టులో ఎవరికీ చెప్పనక్కర్లేదు! గంటలో అతి ఎక్కువ, అతి తక్కువ విలువల మధ్య తేడా సున్నా అయితే పసుపు రంగు చూపమని ఒక నియమం రాయండి. పది లైన్ల పని.

చివరగా, టీవీ మీద ప్రతి అంకె కింద దాని వయసు వేయండి: "2 నిమిషాల క్రితం". మూడు రీడింగులు వరసగా రాకపోతే అంకె బూడిదరంగుకు మారాలి. ఎరుపు వద్దు. ఎరుపు అంటే హద్దు దాటిందని. బూడిద అంటే "నాకు తెలియదు" అని. ప్లాంట్ హెడ్‌కు మొదట్లో ఇది నచ్చదు. "గోడ మీద అట్ల తెల్లగ బూడిదగ ఉంటే ఏం బాగుంటది?" అంటారు. పట్టువిడవకండి.

2. టైమ్ ముద్ర పుట్టినచోటే పడాలి

రీడింగు సర్వర్‌కు చేరిన టైమ్‌నే కొలిచిన టైమ్‌గా రాసేయడం చాలామంది చేసే తప్పు. నెట్ బాగున్నన్నాళ్లూ ఏ తేడా తెలియదు. ఆరు గంటలు నెట్ పోయి వస్తే, రాత్రంతా పోగైన రీడింగులన్నీ ఉదయం 9 గంటల 4 నిమిషాలకే జరిగినట్టు నమోదవుతాయి. సి షిఫ్టులో జరిగిన తప్పు ఎ షిఫ్టు ఖాతాలో పడుతుంది. ఫార్మాలో ఉన్నవాళ్లకు ఇది మరీ ప్రమాదం, ఎందుకంటే పని జరిగినప్పుడే నమోదు కావాలన్నది డేటా ఇంటెగ్రిటీలో మొదట అడిగే సంగతుల్లో ఒకటి.

రెండు టైమ్‌లూ దాచండి, కొలిచినది, చేరినది. వాటి తేడాయే మీ సిస్టం ఆలస్యం. ఆ ఆలస్యాన్ని కూడా ఒక కొలతలా గ్రాఫ్ గీయండి. అది మెల్లగా పెరుగుతోందంటే ఏదో మూల క్యూ నిండుతోందని అర్థం, బోల్తా పడకముందే తెలుస్తుంది.

మరి లాగర్ గడియారమే తప్పయితే? లోపలి బ్యాటరీ అయిపోయిన పరికరం కరెంటు పోయి వచ్చాక 1970 జనవరి 1, ఉదయం 5:30 అని చెప్పడం మీరు చూసే ఉంటారు. కంప్యూటర్ కాలం గ్రీన్‌విచ్ అర్ధరాత్రి నుంచి మొదలవుతుంది, దానికి మన ఐదున్నర గంటలు కలుస్తాయి. అలాంటి టైమ్‌తో వచ్చిన రీడింగును పారేయకండి, నమ్మనూ వద్దు. పక్కన పెట్టి గుర్తు వేయండి. ప్లాంట్ లోపల ఒక టైమ్ సర్వర్ పెట్టి, పీఎల్‌సీ, లాగర్, సర్వర్ అన్నీ దాన్నే అడిగేలా చేయండి. ఆ సర్వర్ మాత్రం బయటికి వెళ్లి, మన దేశ ప్రామాణిక సమయాన్ని చూసుకునే ఢిల్లీ నేషనల్ ఫిజికల్ లేబొరేటరీతో సరిచూసుకుంటే చాలు.

సెకనులో మూడో వంతు తేడాతో ఏమవుతుందిలే అంటారా? మన భానూరులో క్షిపణులు తయారుచేసేవాళ్లను అడగండి. 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో ఒక పేట్రియట్ క్షిపణి నిరోధక బ్యాటరీ వంద గంటలుగా రీస్టార్ట్ లేకుండా నడుస్తోంది. సెకనులో పదో వంతును బైనరీలో కత్తిరించి దాచడం వల్ల దాని గడియారం 0.34 సెకను తప్పింది. అంతలో క్షిపణి అర కిలోమీటరుకు పైగా ముందుకు పోతుంది. దూసుకొస్తున్న స్కడ్ క్షిపణిని వెతకాల్సిన చోట వెతకలేదు. 28 మంది సైనికులు చనిపోయారు. రీస్టార్ట్ చేసినప్పుడల్లా ఆ తేడా మళ్లీ సున్నా అయ్యేది, అందుకే చిన్న చిన్న పరీక్షల్లో బయటపడలేదు.

3. ముందు రాసుకోండి, తర్వాత పంపండి

కొలిచిన వెంటనే నెట్‌లోకి విసిరి, చేరిందో లేదో చూడని లాగర్లు ఇంకా చాలా ప్లాంట్లలో ఉన్నాయి. పద్ధతి ఇలా ఉండాలి: రీడింగును లాగర్‌లోని మెమరీ కార్డు మీద రాయాలి, పంపాలి, "అందింది" అని సర్వర్ జవాబిచ్చాకే పంపినట్టు గుర్తు పెట్టుకోవాలి. జవాబు రాకపోతే మళ్లీ పంపాలి.

మెమరీ ఖర్చు అనకండి. నాలుగు కొలతలు, నిమిషానికోసారి అంటే రోజుకు 5,760 రీడింగులు. ఒక్కోదానికి వంద బైట్లు వేసుకున్నా రోజుకు ఆరు లక్షల బైట్లు దాటదు. 4 జీబీ కార్డు పదేళ్లకు పైగా సరిపోతుంది.

ఇక్కడే ఇంకో గోతి ఉంది. రీడింగు సర్వర్‌కు చేరింది, "అందింది" అన్న జవాబు దారిలో పోయింది. లాగర్ మళ్లీ పంపుతుంది. ఇప్పుడు సర్వర్‌లో రెండు. ఈ పావుగంటలో 5 కిలోలీటర్లు వదిలామన్న సందేశం రెండుసార్లు చేరితే లెక్క 10 అవుతుంది. దీనికి రెండు మందులు, రెండూ వేయండి. మొదటిది, ప్లాంట్ సంఖ్య, కొలత పేరు, కొలిచిన టైమ్ మూడూ కలిపి డేటాబేస్‌లో ఒక్కసారే ఉండేలా నిబంధన పెట్టడం. రెండోసారి వస్తే అది కొత్త వరుస కాదు, పాతదే అని డేటాబేస్ తీసుకుంటుంది. రెండోది, తేడా పంపడం మానేసి టోటలైజర్ రీడింగు పంపడం. ఇంటి కరెంటు బిల్లు కొట్టే మనిషి చేసేది ఇదే కదా? ఈ నెల ఎంత కాల్చారని మిమ్మల్ని అడగడు, మీటరు మీద ఉన్న అంకె రాసుకుంటాడు. ఒక నెల రాకపోయినా లెక్క తప్పదు, ఒకే రోజు రెండుసార్లు వచ్చినా తప్పదు. 18,245 అని పదిసార్లు పంపండి, ఏ నష్టమూ లేదు.

నెట్ తిరిగి వచ్చాక ఏది ముందు పంపాలి, పాతదా కొత్తదా? నేనైతే కొత్తదే ముందంటాను. ఆపరేటర్‌కు ఇప్పుడు ఏం జరుగుతోందో కావాలి. పాతవి పక్కనుంచి నెమ్మదిగా వెళ్లి ఖాళీలు నింపుకుంటాయి. అలా వచ్చిన పాత రీడింగులకు మాత్రం ఎస్సెమ్మెస్ అలారం మోగనివ్వకండి. రాత్రి రెండింటి పీహెచ్ గురించి ఉదయం తొమ్మిదింటికి పరుగెత్తించిన సిస్టంను మనుషులు రెండోసారి నమ్మరు.

4. అందరూ ఒకేసారి లేవకండి

కరెంటు పోయి వచ్చింది. పారిశ్రామికవాడలో ఉన్న లాగర్లన్నీ ఒకే సెకనులో లేచి ఒకే సర్వర్ మీద పడతాయి. అది తట్టుకోలేక పడిపోతుంది. అన్నీ సరిగ్గా ముప్పై సెకన్లు ఆగి మళ్లీ ఒకేసారి ప్రయత్నిస్తాయి. సర్వర్ మళ్లీ పడుతుంది. మార్గం తేలికే: విఫలమైన ప్రతిసారీ ఆగే సమయం రెట్టింపు చేయండి, 2 సెకన్లు, 4, 8, 16 అంటూ ఐదు నిమిషాల దాకా. దానికి ఒక్కో లాగర్‌లో ఒక్కోలా ఉండేట్టు కాస్త యాదృచ్ఛిక సమయం కలపండి. చాలామంది రెట్టింపు చేస్తారు, యాదృచ్ఛికం మరచిపోతారు. అప్పుడు అన్నీ కలిసే రెట్టింపు అవుతాయి.

5. చేయాల్సిన పని లేని అలారం అలారమే కాదు

మీ ఫోన్‌లో ఆ ప్లాంట్ నంబరు నుంచి చదవని ఎస్సెమ్మెస్‌లు ఎన్ని ఉన్నాయి? నిజం చెప్పండి!

1994 జులై 24న బ్రిటన్‌లోని మిల్ఫోర్డ్ హేవెన్ టెక్సకో రిఫైనరీలో పేలుడు జరిగింది. దానికి ముందు చివరి 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల ముందు 275 అలారాలు మోగాయి. వాళ్లను బద్ధకస్తులనగలరా? ఆ తర్వాత బ్రిటన్‌లో వచ్చిన ఈఈఎంయూఏ 191 మార్గదర్శకం, మామూలు రోజుల్లో ఒక ఆపరేటర్‌కు పది నిమిషాలకు ఒక అలారం కంటే తక్కువ ఉంటే అది ఆమోదించదగ్గ బరువేనని చెబుతుంది.

కాగితం తీసుకోండి. ప్రతి అలారం పక్కన "ఇది మోగితే ఎవరు, ఎన్ని నిమిషాల్లో, ఏం చేయాలి" అని ఒక వాక్యం రాయండి. రాయలేకపోతే దాన్ని అలారాల జాబితాలోంచి తీసేసి రోజువారీ రిపోర్టులో వేయండి. హద్దు దగ్గర ఊగే విలువకు వెడల్పు ఇవ్వండి: 8.5 దాటితే మోగాలి, 8.3కి దిగాకే ఆగాలి. లేకపోతే 8.49, 8.51 మధ్య రాత్రంతా మోగుతూనే ఉంటుంది.

అలారం పంపే పెట్టె కూడా అదే ప్యానెల్‌లో, అదే యూపీఎస్ మీద, అదే సిమ్ మీద ఉందా? అయితే అది పోయిన రోజు పోయిందని చెప్పేవాళ్లుండరు. బయట ఎక్కడైనా చిన్న ప్రోగ్రాం పెట్టి, ప్లాంట్ నుంచి ఐదు నిమిషాలకోసారి "ఉన్నాను" అన్న సందేశం వస్తోందా అని చూడమనండి. రాకపోతే అది ఫోన్ చేస్తుంది.

6. వాల్వు మూసే పని క్లౌడ్‌కు ఇవ్వకండి

పీహెచ్ తప్పితే డిశ్చార్జ్ వాల్వు మూయడం, ఉష్ణోగ్రత పెరిగితే హీటింగ్ ఆపడం, ఇవి ప్లాంట్‌లోనే జరగాలి, పీఎల్‌సీలో, నేరుగా వేసిన వైరు మీద. నెట్ మీద నడిచేది చూడటానికి, రాసుకోవడానికి. దీని మీద చర్చ అక్కర్లేదు.

7. రెండో కాపీ అదే గోడల మధ్య ఉంటే అది రెండోది కాదు

2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలుడు తర్వాత మృతుల సంఖ్య, ఆచూకీ తెలియనివారి సంఖ్య రోజుల తరబడి మారుతూ వచ్చాయి. కుటుంబాలు గేటు దగ్గరా ఆసుపత్రుల దగ్గరా తిరిగాయి. ఆ ఘటన లోతుపాతుల జోలికి నేను వెళ్లను. మీ ప్లాంట్ గురించి మాత్రం అడుగుతాను: ఈ క్షణాన లోపల ఎవరెవరు ఉన్నారో చెప్పే హాజరు సర్వర్ ఎక్కడుంది? కాంట్రాక్టు మనుషులు అందులో ఉన్నారా, లేక సూపర్‌వైజర్ జేబులోని పుస్తకంలోనా? ప్రొడక్షన్ బ్లాకుకు ఏదైనా అయితే ఆ జాబితా గేటు బయట ఎవరికి, ఎన్ని నిమిషాల్లో దొరుకుతుంది? బ్యాచ్ రికార్డుల కంటే ముందు ఈ జాబితాకు బయట కాపీ పెట్టండి. షిఫ్టు మారిన ప్రతిసారీ తాజా కావాలి.

బ్యాకప్ ఉందన్న ధీమా గురించి ఒక మాట. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ కంపెనీలో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్ ఫైళ్లు చెరిపేశాడు. బ్యాకప్ ఏర్పాట్లు ఐదు ఉన్నాయి, వెతికితే ఏదీ సరిగ్గా పనిచేయడం లేదు. అదృష్టవశాత్తు ఎవరో ఆరు గంటల ముందు తీసిన కాపీ దొరికింది. ఆ మధ్య ఆరు గంటల డేటా పోయింది.

8. మీరు కొలవని దాని గురించి టీవీకి ఏమీ తెలియదు

2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని ప్రచురించారు. ఆ లెక్క ప్రపంచమంతా చర్చకు వచ్చింది. పీహెచ్ మీటరు ఆ మందును చూడలేదు. సీవోడీ చూసినా పేరు చెప్పలేదు, మొత్తం సేంద్రియ భారంలో ఒక చుక్కగా కలిపేసుకుంటుంది. సెన్సార్లన్నీ నిజమే చెబుతున్నా చిత్రం అసంపూర్ణంగా ఉండొచ్చు. టీవీ మీద ఒక మూల "ఇక్కడ కొలవనివి" అని చిన్న జాబితా పెట్టించండి. ల్యాబ్‌లో ఏది ఎన్ని రోజులకోసారి చూస్తారో, చివరి ఫలితం ఎప్పటిదో అందులో ఉండాలి. ఇంతవరకు నేను చెప్పిన వాటిలో మేనేజ్‌మెంట్ ఒప్పుకోనిది ఇదే అవుతుంది, అయినా అడగండి.

9. కేబుల్ పీకి చూడండి

పైవన్నీ చేశామనుకున్నాక పరీక్ష పెట్టండి. బి షిఫ్టు, మధ్యాహ్నం మూడు గంటలు, అందరూ మెలకువగా ఉండే వేళ. అర్ధరాత్రి వద్దు, పండగ ముందురోజు అసలే వద్దు. బోర్డుకు రీడింగులు వెళ్లే లైను అయితే ముందే మెయింటెనెన్స్ గుర్తు పెట్టి, చెప్పాల్సినవారికి రాతపూర్వకంగా చెప్పండి. ఆ తర్వాత లాగర్ నుంచి నెట్ కేబుల్ తీసేయండి.

గడియారం చూస్తూ రాసుకోండి. ఎన్ని నిమిషాలకు అంకె బూడిదరంగుకు మారింది? ఎవరికి ఫోన్ వచ్చింది, వాళ్లు ఎత్తారా? గంట తర్వాత కేబుల్ పెట్టండి. నిమిషానికోసారి కొలిచే నాలుగు కొలతలకు ఆ గంటలో 240 రీడింగులు ఉండాలి. సర్వర్‌లో ఎన్ని ఉన్నాయి? 239 అయితే ఒకటి ఎక్కడ పోయింది? 241 అయితే ఏది రెండుసార్లు లెక్కయింది? పాత రీడింగుకు అలారం మోగిందా?

మొదటిసారి కచ్చితంగా ఏదో ఒకటి తప్పుతుంది. తప్పాలి కూడా, పరీక్ష పెట్టింది అందుకే. దిద్దుకుని వచ్చే నెల లాగర్ కరెంటే తీసేయండి. ఆ తర్వాతి నెల బ్యాకప్‌ను వేరే కంప్యూటర్‌లో ఎక్కించి, ఏదో ఒక పాత బ్యాచ్ నంబరు చెప్పి దాని ఉష్ణోగ్రత గ్రాఫ్ తీసి చూపించమని క్యూఏ వాళ్లను అడగండి. ఎంతసేపు పట్టిందో లాగ్‌బుక్‌లో రాసి, చూసినవాళ్లతో సంతకం పెట్టించండి.